చెడగొట్టిన సారా

“ఇంకొక్క చుక్క, ఒకే ఒక్క చుక్క!” అంటూ మావయ్య సీసాని తలకిందులు చేసి దాని అడుగు మీద అరచేత్తో కొడుతున్నాడు. నేను గాలి తగలకుండా చేట అడ్డం పట్టుకుని కూచున్నాను. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య, “అది నా సీసా... దొరసాని నాకిచ్చిన...” అంటూనే ఉంది. ఆ చుక్క కాస్తా ఇత్తడి పొయ్యిలో పడిపోయింది.

మావయ్య అగ్గిపుల్ల గీసి లోపల పెట్టాడు. ఇద్దరం వంగి చూశాం. ఏమీ కనబడలేదు.

“వెలగలేదే,” అన్నాడు.

“వెలగలేదు మావయ్యా,” అన్నాను.

వెలిగిందో లేదో తేల్చుకోడానికి మావయ్యకి తెలిసిన పద్ధతి ఒక్కటే. చూపుడువేలు లోపల పెట్టాడు.

ఆ కేకకి గోడ మీద కాకులు లేచిపోయాయి. కానీ అది ఏడుపు కేక అనుకునేరు, కాదు. వేలు నోట్లో పెట్టుకుని పెరడంతా గెంతుతూ, “కాలిందే! కాలింది! అంటే వెలిగినట్టే!” అని అరుస్తున్నాడు. నేను చేట పైకెత్తి ఎండ పడకుండా నీడ పట్టాను. అప్పుడు కనబడింది మంట. శంఖుపువ్వు రంగులో, పల్చగా, చప్పుడు లేకుండా. పొగ లేదు. చిటికెడు మసి లేదు. మీద పెట్టిన చెంబులో నీళ్ళు అప్పుడే చిన్న చిన్న బుడగలు కక్కడం మొదలుపెట్టాయి. అంతలో మంట ఆరిపోయింది. సీసాలోది అయిపోయింది మరి. పెరడంతా పెళ్ళివారింట్లో లాగా ఒకటే వాసన.

“ఎవరైనా... తలనొప్పికి రాసుకునేదాన్ని...” అని అత్తయ్య దగ్గు మధ్యలో మొదలుపెట్టింది. “...పొయ్యిలో పోసి... మిమ్మల్ని ఏమనాలో...”

“నన్ను ఏమని మెచ్చుకోవాలో తెలీడంలేదంటోంది,” అన్నాడు మావయ్య నాతో.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిన్న మా అత్తగారి కాలికి కురుపు లేస్తే కోయడానికి కాంపౌండరు వచ్చాడు. వస్తూనే సంచిలోంచి చిన్న గాజుదీపం తీసి వెలిగించి, కత్తి దాని మీద కాల్చాడు. ఆ మంట రంగు చూశాను. ఆ వాసన తగిలింది. అంతే, నాకు నవ్వాగలేదు. “నా కాలు కోస్తుంటే నీకు నవ్వొస్తోందా?” అని మా అత్తగారు నిన్నటినుంచీ నాతో మాట్లాడడంలేదు. ఆవిడకి చెప్పలేను కదా, మా మావయ్య గుర్తొచ్చాడండీ అని. పోయినవాళ్ళు గుర్తొస్తే ఎవరైనా కళ్ళు తుడుచుకుంటారు. మా మావయ్య గుర్తొస్తే మాత్రం ముందు నవ్వొస్తుంది. ఆయన చేసుకున్నది అలాంటిది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ధవళేశ్వరంలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య పెరటిగోడ ఒక్కటే. కాలవల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి అప్పుడప్పుడే పింఛను పుచ్చుకున్నాడు. నాకు పెళ్ళైంది కానీ ఇంకా కాపురానికి వెళ్ళలేదు. అంచేత నాకు పనేమీ లేదు, ఆయనకి పనేమీ లేదు. పగలంతా ఆ గోడ దూకడమే నా పని.

ఆయనకి ప్రతిదాన్నీ వాసన చూసే అలవాటు. కొత్త చొక్కా తొడుక్కునేముందు వాసన, ఉత్తరం విప్పేముందు వాసన. మా నాన్న ఓసారి పుస్తకం చదవమని ఇస్తే మధ్యకి తెరిచి ముక్కు పెట్టి, “బాగుందండి బావగారూ” అని తిరిగిచ్చేశాడు. ఇంకో అలవాటు, అత్తయ్య మాట పూర్తిచెయ్యడం. అత్తయ్యకి ఉబ్బసం. సగం మాట వచ్చేసరికి ఆయాసం వస్తుంది. మిగతా సగం ఈయన అందుకుంటాడు, తనకి కావలసినట్టు.

“మీకు బొత్తిగా... ఇంగితం...” అని ఆవిడ ఆగిపోతే,

“ఇంగితం ఎక్కువైపోయిందంటోంది,” అనేవాడు.

ఆవిడ కళ్ళతో ఉరిమేది. దగ్గు తగ్గాక ఆ తిట్టు మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకోవాలంటే ఓపిక ఉండేది కాదు. అలా ఎన్నో తిట్లు సగంలో ఆగిపోయి ఆయనకి మెచ్చుకోళ్ళు అయిపోయాయి.

అత్తయ్యకి అన్నిటికన్నా గిట్టనిది పొగ. ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చేది. వానలు పట్టాయంటే కట్టెలు తడి, పిడకలు తడి, వంటింట్లో మనిషికి మనిషి కనబడేవారు కాదు. ఆవిడ గొట్టం ఊదుతూ ఊదుతూ అక్కడే గోడకి జారగిలబడిపోయేది. అంచేత ఏటా వానలు మొదలవగానే కొవ్వూరులో వాళ్ళ అన్నయ్యగారింటికి వెళ్ళిపోయేది. అక్కడ వంటమనిషి ఉంది. ఈవిడ వంటింటి గడప తొక్కక్కర్లేదు. తిరిగి రావడం వానలు వెనకపట్టాకే.

“మా ఇంట్లో తినరాదుటే, గోడవతలే కదా,” అని మా అమ్మ ఎన్నోసార్లు అడిగింది. సొంతింట్లో పొయ్యి ఉండగా పక్కింట్లో విస్తరి వేయించుకోవడం అత్తయ్యకి నామోషీ. పుట్టింట్లో తింటే నామోషీ కాదు.

ఆవిడ లేని ఆ నెలలు మావయ్య మా ఇంట్లో తినేవాడు. తినేవాడంటే, విస్తరి ముందు కూచునేవాడు. తర్వాత గొడుగు పుచ్చుకుని గోదారి గట్టుకి పోయేవాడు. ఎగువకి తిరిగి ముక్కు పైకెత్తి గాలి పీల్చి, ఇంటికొచ్చి నాతో, “ఇవాళ కొవ్వూర్లో దప్పళం. ఇంగువ తక్కువైంది,” అనేవాడు. నేను పగలబడి నవ్వేదాన్ని. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ యేడు పింఛను తీసుకుని ఇంటికొచ్చిన రోజే చెప్పేశాడు. “ఈసారి మీ అత్తయ్య కొవ్వూరు వెళ్ళదే. నాకు మందు దొరికింది.”

మందంటే ఆ ఇత్తడి పొయ్యే. ఇంజనీరు దొర కాలవల మీద పడవలో తిరిగేటప్పుడు మావయ్య కూడా వెళ్ళేవాడు. దొరకి పడవ గదిలో పొద్దున్నే టీ కావాలి. కట్టెపొయ్యి పెడితే చిన్న గది, పొగ నిండిపోతుంది. అందుకని అరచేతిలో పట్టే ఆ పొయ్యి మీద బట్లరు నీళ్ళు కాచేవాడు. దొర తన దేశం వెళ్ళిపోతూ దాన్ని మావయ్యకిచ్చేశాడు. అత్తయ్య దాన్ని ముట్టుకోకుండా పెరట్లోనే పెట్టించి, “మాంసం గానీ...” అని ఆగిపోయింది.

“టీ నీళ్ళు తప్ప ఇంకేమీ ఎరగదే! ఒట్టు!” అని మావయ్య నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇత్తడి కాబట్టి బతికిపోయింది. చింతపండూ మట్టీ పెట్టి అత్తయ్య తోమిన తోముడికి అది బంగారంలా అయిపోయింది. మావయ్య దానికి ‘దొరగారు’ అని పేరు పెట్టాడు. “దొరగారు ఎండలో ఉన్నారు, లోపల పెట్టవే,” అనేవాడు. “దొరగారికి ఆకలేస్తోంది,” అనేవాడు.

ఆ ఆకలి దగ్గరే వచ్చింది చిక్కంతా. దొరగారు తినేదేంటో ఎవరికీ తెలీదు. దాంతోపాటు వచ్చిన నూనె డబ్బా ఖాళీ. వెళ్ళిపోయే తొందర్లో ఉన్న బట్లరుని రేవులో పట్టుకుని మావయ్య అడిగాడట, ఇందులో ఏం పోసేవాడివయ్యా అని. పడవలోకి కాలు పెడుతూ పెడుతూ వాడు చెప్పిన మాట ఒక్కటే: “చెడగొట్టిన సారా అండి!”

పడవ కదిలిపోయింది. ఆ మాట మావయ్య దగ్గర ఉండిపోయింది.

ముందు తెలివిగా ఇంట్లో ఉన్నవన్నీ చూశాడు. కిరసనాయిలు పోస్తే దొరగారు నల్లటి పొగ కక్కి అత్తయ్యని అరుగు మీదకి తరిమేశారు. ఆముదం పోస్తే అసలు ముట్టుకోలేదు. కర్పూరం వేస్తే భగ్గుమని మావయ్య కనుబొమల్లో సగం తీసుకున్నారు. ఆ తర్వాతే దొరసాని అత్తయ్యకిచ్చిన వాసన నీళ్ళ సీసా, నేను చేట పట్టిన రోజుది. అది వెలిగాక మావయ్యకి పట్టుదల వచ్చేసింది. “పొగ లేని మంట అనేది ఉందే! ఈ కళ్ళతో చూశాం, ఈ వేలితో చూశాం! ఇక బట్లరు చెప్పింది పట్టుకోవడమే.”

“చెడగొట్టినదంటే ఏంటి మావయ్యా?”

“చెడిపోయిందని. పులిసిపోయి, వాసనేసి, ఎవడూ తాగకుండా పారబోసేది.”

మనవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు కదా. పెరుగు చెడిపోతుంది, పులుసు చెడిపోతుంది. సారా కూడా అలాగే. తాడిచెట్లు గీసే ఆయన్ని అడిగి మూడు పొద్దులు నిలవ ఉన్న కల్లు ముంతలో తెప్పించాడు. చెడిందంటే చెడింది. పైన నురగ, అందులో ఈగలు. పొయ్యిలో పోసి అగ్గిపుల్ల పెట్టాడు. చుయ్యిమని పుల్ల ఆరిపోయింది. వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఆ వాసనకి మా ఆవు కూడా కట్టుకొయ్య పీక్కుని వీధిలోకి పోయింది.

“కల్లు కాదు. సారా అన్నాడు కదా బట్లరు,” అని మావయ్య కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

సారా కొట్టు దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు. పడవ నడిపే సత్తెయ్య చూశాడు. మర్నాడు మా పెరటి కంచె దగ్గర నిలబడి మా అమ్మకీ నాకూ చెప్పాడు.

“ఆయ్, పంతులుగారు కొట్టు బయటే ఆగారండి. లోనికి రాలేదండి. ‘ఏమయ్యా, చెడిన సారా ఉందా?’ అన్నారండి. కొట్టాయనకి మండుకొచ్చేసిందండి. ‘మా కొట్లో చెడిందంటూ ఉండదండి! ఎవడు చెప్పాడండి?’ అన్నాడండి. ఈయనేమో, ‘అయ్యో, కాస్తంతైనా లేదూ? బాగా చెడింది కావాలయ్యా,’ అన్నారండి.”

“తర్వాత?” అంది మా అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని.

“తర్వాతేంటండి, ఉన్నదే కొంచెం పొయ్యమన్నారండి. కొబ్బరిచిప్పలో పోయించుకుని, నేలమీద పెట్టి, అగ్గిపుల్ల గీశారండి. అది ఆరిపోయిందండి. ఇంకోటి గీశారండి. అదీ ఆరిపోయిందండి. అప్పుడు చిప్ప వాసన చూసి, ‘ఇది సారా కాదయ్యా, సగం గోదారి నీళ్ళు,’ అన్నారండి. అంతేనండమ్మా! తాగేవోళ్ళందరం లేచి నిలబడ్డామండి! ఇన్నాళ్ళూ మేం పుచ్చుకున్నది గోదారా అని!”

ఆ సాయంత్రం నుంచీ మావయ్యకి పేరొచ్చేసింది. సత్తెయ్యా వాళ్ళూ సీసా పట్టుకుని వచ్చి కంచె అవతల నిలబడేవారు. “పంతులుగారండీ, కాస్త ముట్టించి చెప్పండి.” మావయ్య చుక్క చిప్పలో పోసి ముట్టించేవాడు. నీలంగా లేస్తే, “ఊ, పరవాలేదు.” ఆరిపోతే, “గోదారి.” ఆ ఒక్క మాటకి కొట్టు దగ్గర పెద్ద గొడవ జరిగేది. మావయ్య చస్తే నోట్లో పోసుకోడు. కానీ ఊరూరా ‘సారా పంతులుగారు’ అని పేరు పాకిపోయింది. ఆయన అందుకు సిగ్గుపడలేదు సరికదా, ఎవరైనా అలా పిలిస్తే కండువా సర్దుకునేవాడు.

చివరికి కొట్టాయనే దిగొచ్చి, నీళ్ళు తగలని సరుకు ఒక సీసా తెచ్చి గుమ్మంలో పెట్టి, “ఇంక మా జోలికి రాకండి బాబూ,” అని దణ్ణం పెట్టి పోయాడు. అది పోస్తే దొరగారు బ్రహ్మాండంగా వెలిగారు. మావయ్య, “ఏమే, వచ్చి చూడు!” అని కేకేశాడు.

అత్తయ్య వచ్చి చూసింది. మంట చూసింది, సీసా చూసింది. అసలే ఆవిడ అప్పటికి వారం రోజులుగా నీళ్ళరేవులో తల ఎత్తుకోలేకుండా ఉంది.

“ఆ మంట మీద వండి... దేవుడికి... నైవేద్యం...”

“పెడతానంటోంది,” అన్నాడు మావయ్య ఆశగా.

ఆవిడ అడ్డంగా తలూపింది. తలూపింది కాబట్టి ఈసారి దాన్ని మార్చడానికి కుదర్లేదు. సీసా తీసి పెరట్లో అరటిచెట్టు మొదట్లో ఒంపేసింది. మావయ్య దొరగారిని తుడిచి గూట్లో పెట్టేశాడు. ఆ సాయంత్రమే మొదటి వాన పడింది.

రెండో రోజుకి వంటింట్లోంచి అత్తయ్య దగ్గు మా ఇంట్లోకి వినబడింది. మూడో రోజు దగ్గు కూడా వినబడలేదు, వట్టి ఈల లాంటి చప్పుడు. మా అమ్మ పరిగెత్తుకెళ్ళి ఆవిణ్ణి బయటికి తీసుకొచ్చింది. మావయ్య అరుగు మీద కూచుని, ఆవిడ వీపు రాస్తూ, ఆవిడ అనని మాటలు కూడా అనేశాడు. “కొవ్వూరు వెళ్తానంటోంది. రేపే వెళ్తానంటోంది.”

మర్నాడు బండి కట్టించాడు. రాజమండ్రి వెళ్ళి అక్కడ రేవులో స్టీమరెక్కి కొవ్వూరు దాటాలి. గోదారి మీద రైలు వంతెన అప్పుడింకా కడుతున్నారు. అత్తయ్యకి తోడుగా రేవుదాకా నేనూ వెళ్ళాను. బండెక్కాక తెలిసింది నన్నెందుకు రమ్మన్నాడో. నా ఒళ్ళో పెట్టిన మావిడిపళ్ళ బుట్ట అడుగున దొరగారు ఉన్నారు.

“మావయ్యా!” అన్నాను.

“ష్. పెద్ద ఊరు కదే. అడిగి చూస్తే పోయేదేముంది?”

రాజమండ్రి బజారులోకి బండి వచ్చిందో లేదో, మావయ్య బండి వెంట నడుస్తూ కనబడ్డ ప్రతి కొట్టు ముందూ ఆగి, “చెడగొట్టిన సారా ఉందా అండీ?” అని అడగడం మొదలుపెట్టాడు. బట్టల కొట్టువాణ్ణి అడిగాడు. బెల్లం కొట్టువాణ్ణి అడిగాడు. గాజుల కొట్టావిణ్ణి అడిగితే ఆవిడ తలుపు వేసేసుకుంది. అత్తయ్య కొంగుతో మొహం నిండా ముసుగేసుకుంది.

“పోనీ స్టీమరుకి... ఆలస్యం...”

“అవటంలేదంటోంది,” అని మావయ్య ముందుకు పోయాడు.

రేవు దగ్గర పడుతుండగా ఇంగ్లీషు మందుల కొట్టు ఒకటి వచ్చింది. నేనూ బుట్టతో బండి దిగి వెనకాలే వెళ్ళాను. మావయ్య మామూలుగానే అడిగాడు. లోపల కళ్ళద్దాల ఆయన ఒకాయన తలెత్తి, చుట్టూ చూసి, “మెల్లిగా అనండి. ఎవరు చెప్పారండీ మీకు?” అన్నాడు.

మావయ్య కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. “అంటే... ఉందా?”

“ఉందండి. దాన్ని స్పిరిట్ అంటామండి మేము. దీపాలకీ పొయ్యిలకీ వాడతారు. జనం తాగెయ్యకుండా అందులో ఏదో కలిపి, కావాలనే చెడగొట్టి పంపిస్తారండి.”

“కావాలని!” అన్నాడు మావయ్య. ఆ మాట అంటుంటే ఆయన మొహం చూడాలి. ఇన్నాళ్ళూ దానంతటది చెడిపోయిన సారా కోసం తిరిగాడు పాపం. మనుషులు కూచుని పనిగట్టుకుని చెడగొడతారని ఎవరికి తడుతుంది? “ఓహో! చెడిపోయింది కాదు, చెడగొట్టింది! వాడు సరిగ్గానే చెప్పాడే! ఒక సీసా ఇవ్వండి.”

ఆయన సీసా తియ్యబోయి ఆగాడు. “చెడగొట్టినా సరే కొంతమంది తాగేస్తున్నారండి. మొన్న ఒకాయన దీపానికని పట్టుకెళ్ళి తాగి మంచం పట్టాడు. అంచేత తెలిసినవాళ్ళకే ఇస్తున్నాను. మీదే ఊరండీ?”

“ధవళేశ్వరం.”

“ధవళేశ్వరమా! అక్కడ సారా పంతులుగారని ఒకాయన ఉన్నారటగా అండీ? చుక్క చూసి చెప్పేస్తారట!”

నేను బుట్టతో సహా ముందుకు దూకి మావయ్య చొక్కా లాగాను. ఆలస్యమైపోయింది. అప్పటికే కండువా సర్దుకుని, “నేనేనండి!” అనేశాడు.

ఆయన సీసాని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మావయ్య బతిమాలాడు. ఒట్లు పెట్టాడు. నోరు తెరిచి వాసన చూడమన్నాడు. “నేను తాగను బాబూ, ముట్టించి చూస్తానంతే!” అంటే, “అందరూ అదే చెప్తారండి,” అన్నాడాయన. రేవులో స్టీమరు మొదటి కూత కూసింది. మావయ్య గొంతు చిన్నదైపోయింది. “మా ఆవిడకి పొగ పడదండి. ఇది దొరక్కపోతే ఆవిడ వెళ్ళిపోతుందండి,” అన్నాడు. అలా మామూలుగా, ఏ మెలికా లేకుండా, ఆయన ఒక మాట అనగా నేను వినడం అదే మొదలు.

అప్పుడు బండిలోంచి అత్తయ్య దిగింది. ముసుగు తీసేసి మెట్లెక్కి, ఆయాసంతో బీరువా పట్టుకుని నిలబడింది.

“ఈయన... తాగుడు... ఈయనకి...”

“అలవాటే లేదంటోంది,” అన్నాడు మావయ్య.

“ఆవిడ మాట ఆవిణ్ణే చెప్పనివ్వండి!” అని కళ్ళద్దాలాయన కసిరాడు.

అత్తయ్య అలా చూస్తూనే ఉండిపోయింది ఆయన్ని. అన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు మరి. మాటలు వదిలేసి, నా బుట్టలోంచి మావిడిపళ్ళు ఒక్కొక్కటే తీసి ఆయన బల్ల మీద పెట్టి, అడుగున ఉన్న దొరగారిని తీసి ముందు పెట్టింది. వేలితో చూపించింది, పొయ్యండి అని.

ఆయనకి ఏమనిపించిందో, తాళం తీసి తన చేత్తోనే కొంచెం పోశాడు. మావయ్య ముక్కు దగ్గర పెట్టుకుని, “అబ్బ, ఎంత దరిద్రపు వాసనండీ! ఎవడు తాగుతాడు దీన్ని?” అని ఆనందంగా అన్నాడు. అగ్గిపుల్ల వేశాడు. కళ్ళద్దాలాయన వెలిగిందో లేదో చూడ్డానికి వంగబోతే, “మీసం!” అని ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

కుండలో నీళ్ళు చెంబులో పోసి మీద పెట్టారు. అత్తయ్య అలవాటుకొద్దీ పొయ్యి ముందు గొంతుక్కూచుని, కళ్ళు చికిలించి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, పొగ కోసం కాచుకుంది. పొగ రాలేదు. ఇంకాసేపు కాచుకుంది. నీళ్ళు కళపెళలాడాయి. అప్పుడు మెల్లిగా చెంగు తీసేసింది. మంట మీదకి ఇంకా వంగి, గుండెల నిండా ఒక ఊపిరి పీల్చుకుంది. వదిలింది.

తర్వాత మావయ్య వైపు తిరిగి మొదలుపెట్టింది.

“దొరసాని నాకు ముచ్చటపడి ఇచ్చిన సీసా పొయ్యిలో పోసి, కనుబొమలు కాల్చుకుని, ఈగలు పడ్డ కల్లు ఇంట్లోకి తెచ్చి, ఆవుని వీధిలోకి తగిలేసి, సారా కొట్టు ముందు చిప్ప పుచ్చుకుని నిలబడి, తాగుబోతులందరికీ పెద్దమనిషై కూచుని, నన్ను నీళ్ళరేవులో తలెత్తుకోకుండా చేసి, గాజులావిడ మన మొహాన తలుపేసుకునేలా చేసి, ఇన్నేళ్ళుగా నేనొకటంటే మీరొకటి చెప్పుకు తిరుగుతున్నారే, మీకు ఇంగితం ఉందా అండీ అసలు?”

ఎక్కడా ఆగలేదు! మావయ్య నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పూర్తి చెయ్యడానికి ఆవిడ ఏమీ మిగల్చలేదు.

“అయిపోయిందా?” అన్నాడు చివరికి.

“ఇంకా ఉంది. ఇంటికెళ్ళాక చెప్తాను.”

ఇంటికి అన్న మాట ముందు మావయ్యకి ఎక్కలేదు. నాకే ఎక్కింది. “అత్తయ్యా, మరి నైవేద్యం? ఇది కూడా సారాయే కదా!” అన్నాను. నా నోరు అలాంటిది.

అత్తయ్య నావైపు జాలిగా చూసింది. “పిచ్చిదానా, విరిగిపోయాక పాలని పాలంటామా? తాగడానికి పనికిరాకుండా చెడగొట్టేశాక అది సారా ఎలా అవుతుందే? ఇంత దుర్వాసన వేస్తూంటే?”

స్టీమరు రెండో కూత కూసి వెళ్ళిపోయింది. వాళ్ళ అన్నయ్యగారికి రేవులో మనిషి చేత కబురంపించాం. కళ్ళద్దాలాయన సీసా ఇచ్చాడు, మావిడిపళ్ళు ఆయన బల్ల మీదే వదిలేశాం. దారి పొడుగునా అత్తయ్య మిగిలిన తిట్లు తిడుతూనే ఉంది. మావయ్య బండి పక్కన సీసా చంకలో పెట్టుకుని వానలో నడుస్తూ, “ఊ... ఊ... తర్వాత?” అంటూనే ఉన్నాడు.

మేం ధవళేశ్వరం చేరేసరికి పొద్దుగూకింది. పొద్దున్న వెళ్ళిన మనిషి కొవ్వూరు దాటకుండా వెనక్కి రావడం వీధిలో అందరూ చూశారు. ఆయాసం ఎక్కువై దారిలోంచే తీసుకొచ్చేశారేమో అని చెవులు కొరుక్కున్నారట. నాకది తెలీదు. అలిసిపోయి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఎవరో ఏడుస్తున్నట్టు వినబడి లేచాను. మా వీధి ఆడవాళ్ళు నలుగురు మావయ్య ఇంటిముందు నిలబడి ఉన్నారు. ఒకావిడ కళ్ళొత్తుకుంటోంది. ఒకావిడ చేతిలో మూతపెట్టిన అన్నం గిన్నె, ఇంకొకావిడ చేతిలో వంకాయ కూర. మా గుమ్మంలోకి వచ్చాను.

“ఏమైందండీ?” అన్నాను.

“పొద్దెక్కినా వాళ్ళింట్లో పొగ లేవలేదే అమ్మా. పొయ్యి రాజెయ్యలేదు. ఇంక చెప్పాలా?” అంది కూరావిడ.

 చావు జరిగిన ఇంట్లో తప్ప పొయ్యి వెలక్కుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. తడిసిన కప్పు వైపు చూశాను. నిజమే, పొగ లేదు. గోడ దూకి పరిగెత్తాను.

వంటింట్లో అత్తయ్య పీట మీద కూచుని పప్పు కలుపుతోంది. మావయ్య ఎదురుగా బాసింపట్టు వేసుకుని, చేతులు కట్టుకుని, తిట్లు తింటున్నాడు. మధ్యలో నీలం మంట.

“నేను పోయానని ఏడుస్తున్నారా?” అంది అత్తయ్య సంగతి విని. లేచి గరిటెతోనే వీధి గుమ్మంలోకి వెళ్ళింది. ఆవిణ్ణి చూసి అన్నం గిన్నె ఆవిడ గిన్నె వదిలేసింది. కూరావిడ కూర దాచుకోబోతే అత్తయ్య చెయ్యి చాపి, “తెచ్చింది తెచ్చావు, ఇటియ్యి,” అని పుచ్చుకుంది. లోపల్నుంచి మావయ్య, “వంకాయేనా?” అని కేకేశాడు.

నవ్వుకుంటూ వాళ్ళు వెళ్ళారు కానీ, వీధి చివర ఇంకా ఇద్దరు ముగ్గురు ఇటే వస్తున్నారు. రేవు వైపునుంచి సత్తెయ్య తలపాగా చేత్తో పట్టుకుని, “పంతులుగారండీ!” అని గొల్లున ఏడుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. ఎంతమందికని చెప్తాం?

నేను మా పెరట్లోకి వెళ్ళాను. గాలి వాళ్ళ వంటింటి వైపు కాకుండా వీధి వైపు వీస్తోందని చూసుకున్నాను. వానకి నానిన పిడకలు నాలుగు తెచ్చి, గోడ వారన పేర్చి, కింద ఎండు కొబ్బరాకు ముట్టించి, గొట్టం పెట్టి కళ్ళమ్మట నీళ్ళు కారేలా ఊదాను. వాళ్ళ కప్పు పక్కనుంచి దట్టంగా పొగ లేచి, వీధి చివరిదాకా కనబడేలా పైకి పోయేదాకా ఊదుతూనే ఉన్నాను.